తుపాకి లైసెన్సు ఐదేళ్లకు.. మనసుకు పూచీ ఎవరు?

విశాఖపట్నంలో ఆయుధం పట్టుకుని డ్యూటీ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉక్కు కర్మాగారం, పోర్టు గేట్ల దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లు, నావికాదళ స్థావరాల్లో సాయుధ సిబ్బంది, బ్యాంకుల ముందు, నగదు వాహనాల్లో సొంత లైసెన్సు తుపాకితో మాజీ సైనికులు. వీళ్లంతా ఎవరికో అబ్బా, ఎవరికో భాయ్, ఎవరికో మామూ. తుపాకి అనగానే దొంగలు, రౌడీలు గుర్తొస్తారు గానీ, అది పట్టుకున్న మనిషికే ఒక చెడ్డ రాత్రి అది ప్రమాదం కావచ్చన్న మాట ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

దేశం మొత్తం లెక్క చూస్తే ఆత్మహత్యల్లో తుపాకి వాటా చాలా తక్కువ. కానీ రోజూ ఆయుధం పక్కనే ఉండేవాళ్ల పరిస్థితి వేరు. కేంద్ర సాయుధ బలగాల్లో ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024 డిసెంబరులో కేంద్రం రాజ్యసభకు తెలిపింది. కారణం ఒక్కటే ఉండదు. ఇంటికి దూరం, సెలవు దొరకకపోవడం, అప్పులు, కుటుంబ గొడవలు, బయటికి చెప్పుకోలేని డిప్రెషన్ అన్నీ కలిసి మనిషిని ఒక మూలకు నెడతాయి.

అయితే ఇదే లెక్కల్లో ఒక ఆశ కూడా ఉంది. విశాఖ ఉక్కు గేట్లను కాపాడే సీఐఎస్ఎఫ్‌లో 2023లో 25 మంది ఇలా చనిపోతే, 2024లో ఆ సంఖ్య 15కి తగ్గింది. అధికారులు జవాన్లతో తరచూ మాట్లాడటం, ‘ప్రాజెక్ట్ మన్’ పేరుతో 24 గంటల ఫోన్ కౌన్సెలింగ్, పోస్టింగుల విధానంలో మార్పులు.. ఇవే కారణమని ఆ సంస్థ చెప్పింది. ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పలేం. కానీ అడిగేవాళ్లుంటే ప్రాణాలు నిలుస్తాయన్న నమ్మకానికి ఇది బలమిస్తుంది.

“చావాలనుకున్నవాణ్ణి ఎవరాపుతారు? ఇది కాకపోతే ఇంకో దారి” అని చాలామంది అంటారు. పరిశోధనలు ఈ మాటను ఒప్పుకోవు. అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన దగ్గర 1937 నుంచి 1971 దాకా ఆపగలిగిన 515 మంది గురించి ఆరా తీస్తే, సుమారు 94 శాతం మంది తర్వాత బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు. పక్కనున్న శ్రీలంక ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 నుంచి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. చాలామంది విషయంలో ఆ ఉధృతి కొన్ని గంటలే, ఒక్కోసారి నిమిషాలే. ఆ కాస్త సమయం గడిచేలా చేయడానికి రెండే ఉపాయాలు: పక్కన కూర్చునే మనిషి, చేతికందని ఆయుధం.

పక్కన కూర్చోవడం అంటే ఉపన్యాసం కాదు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నేరుగా, మెల్లగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నిజానికి చాలామందికి ఆ ప్రశ్న వింటే గుండె బరువు దిగుతుంది. మన ఇళ్లలో ప్రేమతోనే తప్పు మాట ముందొస్తుంది: “ఖుద్‌కుషీ హరామ్ కదా”, “నీకేం తక్కువైంది?”, “నమాజ్ పట్టుకో, అన్నీ సర్దుకుంటాయి”. హరామ్ అన్న సంగతి ఆ మనిషికి తెలియక కాదు. అప్పటికే సిగ్గుతో కుంగిపోతున్నవాళ్లు ఆ మాటతో నోరు పూర్తిగా మూసుకుంటారు. “చాలా కష్టంగా ఉన్నట్టుంది భాయ్, చెప్పు, నేనెక్కడికీ పోను” అంటే చాలు. సగంలో అడ్డురాకుండా వినాలి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకూడదు. ఒంటరిగా వదలకూడదు. దువా, డాక్టరు ఒకదానికొకటి పోటీ కాదు. మస్జిద్‌లో ఇమామ్ సాబ్ ఆ మాట చెబితే కుటుంబాలు ఇంకా త్వరగా వింటాయి.

ఇక ఆయుధం సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మానసిక స్థిమితం లేనివారికి లైసెన్సు ఇవ్వకూడదు. ఇచ్చాక అనర్హులని తేలితే సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు. 2016 నిబంధనలు దరఖాస్తుతో శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టరు సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా దాస్తామన్న హామీ అడుగుతాయి. 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. చిక్కు ఇక్కడే ఉంది. సర్టిఫికెట్ చెప్పేది ఆ రోజు మనసు గురించే. ఈ ఐదేళ్లలో ఉద్యోగం పోవచ్చు, భార్య చనిపోవచ్చు, అప్పు నెత్తిమీదకి రావచ్చు.

ఆ మార్పు ముందు కనిపించేది కుటుంబానికే. కానీ చెబితే లైసెన్సు పోతుంది, దాంతో గార్డు ఉద్యోగమూ పోతుందని భయం. నిజానికి 2017 మానసిక ఆరోగ్య చట్టం గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన మనిషిపై ముద్ర వేయకూడదని చెబుతోంది. ఆత్మహత్యాయత్నం చేసినవారికి ప్రభుత్వం చికిత్స, పునరావాసం అందించాలని కూడా అదే చట్టం అంటోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిని విధుల నుంచి అడ్డుకోవడానికి చేసే ప్రయత్నం తప్ప, ఆత్మహత్యాయత్నం విడిగా నేరం కాదు.

కావాల్సింది శిక్షలాంటి రద్దు కాదు, తాత్కాలికంగా భద్రపరిచే మర్యాదైన దారి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు వారాల తరబడి పోలీస్ స్టేషన్లలో జమ అవుతాయి, అయ్యాక తిరిగి వెళ్తాయి. దాన్ని ఎవరూ అవమానంగా చూడరు. ఓట్ల కోసం చేయగలిగిన పని ఒక ప్రాణం కోసం ఎందుకు చేయకూడదు? లైసెన్సు ఇచ్చే అధికారులు, గార్డుల్ని పెట్టుకునే ఏజెన్సీలు ఏడాదికోసారైనా “ఎలా ఉన్నారు?” అని అడిగే ఏర్పాటు పెడితే సగం భయం పోతుంది.

అంతవరకు ఇళ్లు చేయగలిగింది ఉంది. తుపాకి, తూటాలు వేరువేరుగా తాళంలో ఉండాలి. మనసు బాగోలేనప్పుడు లైసెన్సుదారు తానే స్టేషన్‌లో అప్పగించేలా ఒప్పించాలి. ఇంట్లోవాళ్లు దాన్ని తీసుకుని బయటికి వెళ్లకూడదు. లైసెన్సు లేనివారు మోసుకెళ్తే అది వేరే చిక్కు. అప్పటికే ప్రమాదం కనిపిస్తుంటే ఆయుధం కోసం పెనుగులాడకుండా వెంటనే 112కి ఫోన్ చేయాలి. ఇంట్లో మందులు, పురుగుమందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బాధలో ఉన్నవారే కాదు, వాళ్ల గురించి బెంగపడేవారూ చేయొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి తీసుకెళ్తే నలుగురు ఏమంటారోనని ఆగే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ నలుగురి నోరు వారంలో మూతపడుతుంది. పోయిన మనిషి మాత్రం తిరిగి రాడు.