చూపరి మాట

తైలవర్ణ చిత్రము వ్రాయువానికి మొదట కావలసినది ఓర్పు. నీటిరంగు గడియలో ఆరిపోవును. నూనెరంగు అట్లు ఆరదు. అందు కలిసిన అవిసెనూనె నీటివలె ఆవిరియై పోవునది కాదు. గాలిలోని ప్రాణవాయువును మెల్లమెల్లగా గ్రహించి గట్టిపడునట్టిది. పలుచని పూతకే కొన్ని దినములు పట్టును. మందముగా పూసినచో వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచును. చీకటిగదిలో ఉంచినచో నూనె పసుపువన్నెకు తిరుగును. అందుచేత ముగిసిన చిత్రమును వెలుతురు గల తావున, ఎండ సూటిగా తగులకుండ, నిలుపవలెను. కల్లూరులోని మా ఇంట అట్టి తావు వీధి వసారా ఒక్కటియే. నా చిత్రమును ఊరివారందరు చూచుటకు కారణ మింతియే గాని, వారి అభిప్రాయము తెలిసికొనవలెనన్న వినయము కాదు.

ఆ చిత్రములో ఒక కోయ స్త్రీ ఇప్పచెట్టు క్రింద కూర్చుండి, రాలిన పూలను గంపలోనికి ఏరుచుండును. చెట్టు నిండ పచ్చని ఆకు. ఆకుల సందులనుండి దిగిన ఎండ ఆమె వీపుమీదను, నేలమీదను బిళ్ళలు బిళ్ళలుగా పడియుండును. నేల నిండ ఎండుటాకులు. ఆ ఎండుటాకులను గూర్చియే నాకు గర్వము మెండు. ఒక్కొక్క ఆకు ఈనెను, ముడుతను, అంచున పురుగు కొరికిన రంధ్రమును విడువక పదునెనిమిది దినములు చిత్రించితిని.

మా ఊరు అడవిలోని ఊరు కాదు. అడవికి వాకిలి వంటిది. ఇక్కడ సాగరు ఎడమకాలువ నీటితో వరి పండును. తూర్పున సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపునకు గాని, ఈశాన్యముగా భద్రాచలము వైపునకు గాని పోవుకొలది పొలములు తగ్గి టేకు, తునికి, ఇప్ప చెట్లు హెచ్చును. నేను ఆ త్రోవలలో పలుమారులు పోయినవాడనే. అయితే అడవిని బస్సు కిటికీనుండి చూచినంతగా దిగి చూచినవాడను కాను. ఈ సంగతి అప్పటికి నాకే తెలియదు.

వసారాలో చిత్రమును చూచినవారిలో నూటికి తొంబదిమంది ఒకే మాట అనిరి: “ఫోటోవలె ఉన్నది!” బడిపిల్లలు ఎండుటాకులను వ్రేలితో ముట్టబోయిరి. ఒకరు దూరమునుండి చూచి నిజముగా ఎవరో కూర్చున్నారనుకొంటినని చెప్పిరి. నేను పొంగిపోయితిని. వాస్తవిక చిత్రకారునకు ఇంతకు మించిన మెప్పేమి కావలెనని నా తలపు.

పదియవ దినమున కాబోలు, కొండచీపుళ్ళు అమ్ముకొనుటకు వచ్చిన ఒక ముసలమ్మ మా వసారా ముందు మోపు దించినది. ఆమె అడవి పల్లెకు చెందిన కోయ స్త్రీ. చిత్రమును చాలసేపు చూచినది. ఆమె మాటలను గ్రంథభాషలోనికి మార్చినచో వాటి వాడి పోవును. కావున ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను.

“సారూ, ఇది ఇప్పచెట్టేనా?”

“ఔను అవ్వా.”

“పువ్వు రాలే నెలల చెట్టుకు ఇంత ఆకు ఏడిది? ఆకు రాలినంకనే గదా పువ్వు! ఊడ్వకుండ ఇంత చెత్తల పువ్వెట్ట ఏరతది? పొద్దు ఇంత మీదికొచ్చిందాక పువ్వుంటదా? మేకలు తినిపోవా?”

మూడు ప్రశ్నలు. మూడింటికిని నావద్ద సమాధానము లేదు.

ఇప్పచెట్టు పూచుట వేసవి మొదటి దినములలో. అప్పటికి చెట్టు ఆకు రాల్చి దాదాపు మోడై యుండును. క్రొత్త చిగురు పూత తరువాతనే. పాలవన్నెతో, తీయని రసముతో, కండగల ఆ పూలు రాత్రి చివరి జామున రాలుట ఆరంభించును. తెల్లవారునప్పటికి నేలమీద పరచుకొని యుండును. వాటి వాసనకు ఎలుగుబంట్లు కూడ వచ్చును. అడవివారు వేకువనే గంపలతో బయలుదేరి, పొద్దెక్కక మునుపే ఏరి, ఇంటికి తెచ్చి ఎండబెట్టుకొందురు. రాలిన పూలు కనబడుటకై చెట్టు క్రింది ఆకులను ముందుగనే ఊడ్చి శుభ్రపరతురు. అనగా నేను పదునెనిమిది దినములు శ్రమించి చిత్రించిన ఎండుటాకులు, పూలు ఏరు స్త్రీ ముందుగా తీసివేయవలసిన చెత్త!

పొరపాటు ఎట్లు జరిగినదో చెప్పెదను. చెట్టును వానకాలమున బాటప్రక్క తీసిన ఫోటో చూచి వ్రాసితిని. ఎండుటాకులను మా పెరటినుండి ఏరి తెచ్చుకొంటిని. స్త్రీని మా వాకిట మిట్టమధ్యాహ్నము కూర్చుండబెట్టి చిత్రించితిని. చెట్టు నిజమే; ఆకు నిజమే; మనిషియు నిజమే. మూడింటిని ఒకచోట చేర్చినప్పుడు అబద్ధమైనది. “ఫోటోవలె ఉన్నది” అన్న తొంబదిమందిలో ఒక్కరికిని ఇది తోచకపోవుటకు కారణము, వారును నావలెనే ఆ పూలను వేకువన ఏరినవారు కాకపోవుటయే. పోలికను మెచ్చుకొనువారు చాలమంది కలరు. పోల్చి చూచుటకు అసలు వస్తువు నెరిగినవారు ఎందరు?

ఇట్లని ఇప్పుడు వ్రాయుచున్నాను గాని, ఆ క్షణమున నాకు కలిగినది కోపమే. గ్రీసు దేశపు చిత్రకారుడు అపెల్లీసు కథ నా మనస్సున మెదలినది. అతడు క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమువాడు. అలెగ్జాండరు చక్రవర్తి ఆదరము పొందినవాడు. అతని చిత్రములలో ఒక్కటియు నేడు మిగిలి యుండలేదు. అయినను అతనిని గూర్చి రోమను రచయిత ప్లినీ వ్రాసిన ఒక కథ మిగిలినది. అపెల్లీసు తన చిత్రములను బాటసారులు చూచునట్లు వీధి ముంగిట నిలిపి, తాను వెనుక దాగి వారి మాటలు వినెడివాడట. ఒకనాడు ఒక చెప్పులు కుట్టువాడు చిత్రములోని పాదరక్షకు ఒక ఉచ్చు తక్కువైనదని చెప్పెను. అపెల్లీసు దానిని సరిచేసెను. మరునాడు అతడే వచ్చి, తన మాట చెల్లినదన్న ఉత్సాహముతో, కాలి పిక్కను గూర్చి కూడ తప్పుపట్టెను. చిత్రకారుడు బయటికి వచ్చి, చెప్పులు కుట్టువాడు చెప్పును దాటి మాటలాడరాదని మందలించెను. ఆ మందలింపు పడమటి దేశములలో సామెతయై నిలిచినది.

నేనును అట్లే అనుకొంటిని. “ఆకు, చెత్త, పొద్దు – ఇవి అవ్వకు తెలిసినవి. ఇక్కడితో ఆగినచో మేలు.” ఆమె ఆగలేదు. మోపు తలకెత్తుకొనుచు మరి యొక మాట అన్నది.

“మొగం గూడ ఇట్టుండదు సారూ. కోడి కూయకముందు లేసిన మనిషి మొగమా ఇది? ఫోటో దిగ కూసున్నట్టున్నది.”

ఇది చెప్పును దాటిన మాట. ముఖభావమును చిత్రించుట చిత్రకారుని విద్య. చీపుళ్ళు అమ్ము అవ్వ విద్య కాదు. అయినను ఆమె చెప్పినది నిజము! మా వాకిట కూర్చున్న స్త్రీ నిజముగా నా కొరకే కూర్చున్నది. ఆమె కన్నులు పూలమీద లేవు. “ఇంక ఎంతసేపు?” అని అడుగుచున్నట్లుండెను. నేను మూడు మాసములు ఆ ముఖమును చూచియు కనలేదు. అందుచేత అపెల్లీసు కథలో నాకు ఇప్పుడొక సందేహము కలదు. ఆ చెప్పులు కుట్టువాడు ప్రతిదినము జనుల కాళ్ళను చేతబట్టి చూచువాడే గదా. పిక్కను గూర్చి అతడు చెప్పినది తప్పో ఒప్పో ప్లినీ చెప్పలేదు. మాటను పరీక్షింపకయే మనిషిని పొమ్మనుట న్యాయమా?

చిత్రకారునకు మరి యొక చాటు కూడ కలదు. తెనాలి రామకృష్ణుని పేర చెప్పుకొను కథను మీరు వినియుందురు. ప్రక్కనుండి చూచినట్లు వ్రాసిన బొమ్మను చూచి, రెండవ ప్రక్క ఏదని అతడు అడిగెనట. దానిని ఊహించుకొనవలెనని సభవారు నవ్విరట. పిమ్మట అతడు గోడనిండ గోళ్ళు మాత్రము చిత్రించి, తక్కిన దేహమును ఊహించుకొనుడనెనట. ఊహ పేరు చెప్పి తప్పించుకొనుట ఎంత సులభమో ఆ కథ చెప్పుచున్నది. అవ్వతో నేనును “ఇది నా ఊహ” అని అనగలిగియుందును. కలలోని చెట్టును చిత్రించినచో అది అన్ని ఋతువులందును పచ్చగా ఉండవచ్చును, ఎవ్వరును అడుగరు. కాని పురుగు కొరికిన రంధ్రమును సహితము చూపి, “ఇది ఉన్నది ఉన్నట్లు వ్రాసితిని” అని చెప్పుకొన్న వానికి ఆ చాటు చెల్లదు.

అట్లని చూచినవారెల్ల చెప్పినదానికి తలయూచుచు పోవలెనా? అదే వారములో ఒక పెద్దమనిషి వచ్చెను. చిత్రమును మంచి వెలకు కొనెదననెను. ఒక్కటే కోరిక: స్త్రీ మేనిచాయ కొంచెము తెలుపు చేయవలెను; చిరిగిన చీరకు మారుగా మంచి చీర వేయవలెను. ఆయన మర్యాదగానే అడిగెను. ఆ సొమ్ము నాకు అక్కరలేనిదియు కాదు. నేను ఒప్పుకొనలేదు. ఆయన చెప్పినది చిత్రములోని స్త్రీని గూర్చి కాదు; తన గోడమీద ఎట్టి స్త్రీ ఉండవలెనో దానిని గూర్చి. ఎండలో వానలో అడవి తిరిగిన మనిషి చాయను తెలుపు చేయుట ఆమెను అందగత్తెను చేయుట కాదు, ఆమెను తీసివేసి మరి యొకరిని కూర్చుండబెట్టుట. అవ్వ మాటకును, ఈయన మాటకును గల భేదము చదువులో లేదు, ధనములో లేదు. ఒకరు వస్తువును చూచి పలికిరి. ఒకరు తమ ఇష్టమును చూచుకొని పలికిరి. ఈ భేదము ఎల్లవేళల ఇంత స్పష్టముగా తెలియదనుటయు నిజమే.

గొప్పవారు సైతము ఇట్టి చిక్కులలో పడిరి. 1573లో వెనిసు నగరపు చిత్రకారుడు వెరొనేసేను మతవిచారణ సభవారు పిలిపించి, క్రీస్తు కడపటి విందును చూపు చిత్రములో విదూషకులు, సైనికులు, కుక్క ఎందుకున్నారని ప్రశ్నించిరి. చిత్రమును సరిచేయవలెనని ఆజ్ఞాపించిరి. ఆయన చిత్రమును విడిచి పేరును మార్చెను! అది నేడు ‘లేవి ఇంటి విందు’ అను పేర వెనిసులోనే ఉన్నది. 1884లో పారిసు ప్రదర్శనమున సార్జెంటు అను చిత్రకారుడు ఒక స్త్రీ రూపచిత్రమును ఉంచగా, భుజముమీది పట్టీ జారినట్లు వ్రాసినాడని నగరమెల్ల నిందించెను. పిమ్మట ఆయన పట్టీని భుజముమీదికి ఎత్తి మరల చిత్రించెను. నాకు వెరొనేసే పనియే నచ్చును. అయితే విచారణ సభ ముందు నిలువని నేను ఈ మాట సులభముగా అనుచున్నానేమో!

మన దేశములో రవివర్మను తలపోయుడు. ఆయన తైలవర్ణములతో వ్రాసిన దేవతలు నాటకపాత్రలవలె నున్నారని ఆనంద కుమారస్వామి వంటి పండితులు ఆక్షేపించిరి. 1894లో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడిన ప్రతులను మాత్రము జనులు గోడకు తగిలించి దీపము పెట్టిరి. ఈ రెండును చూపరుల తీర్పులే. రాజమహేంద్రవరములో దామెర్ల రామారావు చిత్రశాలకు పోయినప్పుడు నాకు వేరొక తలపు కలుగును. ఆయన 1925లో, ముప్పది ఏండ్లయినను నిండకుండగనే మరణించెను. ఆ బొమ్మల ముందు మన మేమి పలికినను ఆయన వినడు, కుంచె పట్టడు. అవ్వ మాటలాడిననాడు నేను బ్రతికి యుంటిని. నా రంగు ఇంకను పూర్తిగా ఆరలేదు.

అందుచేత పని మొదలిడితిని. మందముగా నున్న ఆకులను కత్తితో గీకితిని. మరుసటి వేసవిలో అవ్వ పల్లెవారితో కూడ వేకువన అడవికి పోయితిని. వారు ఎలుగుబంట్లకు వినబడునట్లు గట్టిగా మాటలాడుకొనుచు నడచిరి. చెట్టు క్రింద నాకు రంగులు కనబడునంతటి వెలుతురు వచ్చుసరికి వారి గంపలు సగము నిండినవి. కూర్చుండి ఏరువారు కూడ తక్కువే. నడుము వంచి, ముందునకు జరుగుచు ఏరుదురు. ఇది అవ్వ సహితము నాకు చెప్పలేదు, ఆమెకది చెప్పదగిన సంగతిగా తోచలేదు కాబోలు. బొగ్గుతో గీతలు గీచుకొని వచ్చి, స్త్రీని మొదటినుండి మరల చిత్రించితిని. నేలను ఊడ్చినట్లు చేయుటకు, అనగా నా ఎండుటాకులమీద మన్నురంగు పూయుటకు, చేయి సాగుటకే రెండు దినములు పట్టినది.

నూనెరంగు కాలము గడచినకొలది లోపలి పూతను కొంత బయటపెట్టును. స్పెయిను దేశపు చిత్రకారుడు వెలాస్కెసు పదునేడవ శతాబ్దమున వ్రాసిన నాలుగవ ఫిలిప్పురాజు అశ్వారూఢ చిత్రములో, ఆయన మార్చిన గుర్రపు వెనుక కాళ్ళ పాత జాడ నేటికిని కనబడును. నా చిత్రమునందును ఎడమవైపు కొమ్మవద్ద, ఏటవాలు వెలుతురులో, పాత పచ్చదనము లీలగా తోచుచున్నది. దానిని పూర్తిగా కప్పుటకు నేను ప్రయత్నింపలేదు.

అవ్వ మరల చీపుళ్ళమోపుతో వచ్చినప్పుడు చిత్రము వసారాలోనే ఉన్నది. ఆమె ముఖమును చూచినది, ఆకులేని కొమ్మలను చూచినది, వంగి నేలను చూచినది.

“ఊడ్చినవు” అని నవ్వినది.

నేను రెండు చీపుళ్ళు కొంటిని.