‘సర్వీసుతో సంబంధం లేదు’ అన్నారా? ఆగిపోకండి

పదిహేను, ఇరవై ఏళ్లు సైన్యంలో పనిచేసి వచ్చినవారు బీపీ, వినికిడి లోపం, నడుంనొప్పి వంటి బాధలతో మా ఓపీకి వస్తుంటారు. వైకల్య పింఛను సంగతి అడిగితే ‘తిరస్కరించారు సార్, వదిలేశాం’ అంటారు కొందరు. మీ ఇంట్లోనూ అలాంటి ఉత్తరం ఉంటే బయటికి తీసి మళ్లీ చదవండి.

ఈ పింఛనుకు మామూలుగా రెండు చూస్తారు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందో, సర్వీసు వల్ల ముదిరిందో తేలాలి. పేచీ ఎక్కువగా రెండోదాని దగ్గరే. ఇక్కడ 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుంచుకోవాలి. చేరేటప్పటి వైద్యపరీక్షలో జబ్బు నమోదు కాకపోతే ఆ వ్యక్తి ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలనీ, కాదని నిరూపించాల్సింది జవాను కాదనీ కోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి మీకు ఏవి వర్తిస్తాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

అప్పీలుకు బలం కాగితాలే. విడుదల సమయంలో జరిగిన మెడికల్ బోర్డు నివేదిక నకలు, సైనిక ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, పాత ఆడియోగ్రామ్‌లు, ఎత్తైన ప్రాంతాల్లో, ఫిరంగుల దగ్గర చేసిన డ్యూటీల వివరాలు తేదీల వరుసలో పెట్టండి.

డాక్టరు సర్టిఫికెట్‌లో ‘ఈయనకు బీపీ ఉంది’ అన్న ఒక్క ముక్క చాలదు. జబ్బు ఎప్పుడు బయటపడింది, అప్పటి డ్యూటీ ఏమిటి, ఆ డ్యూటీకీ జబ్బుకూ లంకె ఎందుకు ఉందనుకుంటున్నారు అన్నది రికార్డులు చూసి రాయాలి. తోటి వైద్యులకు నా విన్నపం: ఆ పది నిమిషాలు కేటాయించండి. లేనిది మాత్రం రాయకండి, రాయించుకోకండి. ఒక్క అబద్ధం బయటపడితే నిజాలనూ నమ్మరు.

గడువు ముఖ్యం. తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు వేయాలి. అదీ కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నై బెంచి. తుది ఉత్తర్వు వచ్చాక అక్కడికీ ఆరు నెలలే గడువు. ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని కోరవచ్చు.

ఇది దయాధర్మం కాదు, హక్కు. కాగితాలు సర్దుకునే ఈ రోజుల్లో బీపీ మాత్ర మాత్రం మానకండి.