నీళ్లు పోస్తే చాలదు

పాత అంబాసిడర్ కారున్నవారికి ఈ మాట. రేడియేటర్‌లో రోజూ నీళ్లు తగ్గుతుంటే పోసి ఊరుకోకండి, ఎటు పోతున్నాయో వెదకండి. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. ముందు మూతలోని రబ్బరు, గొట్టాలు, వాటర్ పంపు చూడండి. బయటెక్కడా కారకపోతే, చల్లని ఇంజనును మూత తీసి స్టార్టు చేయండి. నీళ్లలో బుడగలు ఎంతకీ ఆగకపోయినా, ఇంజనాయిల్ పాలు కలిపిన టీలా మారినా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇక బండి నడపక మెకానిక్‌కు చూపించండి.

ఇంట్లో మాటిమాటికీ రేగే కోపమూ ఇలాంటిదే. అప్పటికప్పుడు సర్దిచెప్పి వదిలేయక, చల్లబడ్డాక కలిసి కూర్చుని, ప్రార్థించి, కారణం వెదకుదాం. దావీదు తన హృదయాన్ని పరిశోధించమని దేవుణ్ణే వేడుకొన్నాడు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో కీర్తన 139:23, 24 చదవండి.