అరువు సొమ్ముతో విద్యాయాత్ర

ఆషాఢమున బోనాలు ముగిసి శ్రావణము ప్రవేశించునప్పటికి బడంగ్‌పేటలో వీధికొక యింటనైన విదేశ ప్రయాణపు సన్నాహము కానవచ్చును. 23 కిలోల పెట్టెలు రెండు. వానిని తూచుట, విప్పుట, మరల తూచుట. బరువు మించినదని కుమారుడు ఆవకాయ సీసాను తీసివేయును. తల్లి చొక్కాలు రెండు తీసి సీసాను మరల లోపల నుంచును. వీసా కొరకు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణములు చేసినవాడు, అది లభించినది గనుక 108 చేసి మ్రొక్కు చెల్లించి వచ్చును. నాటి రాత్రి బంధువులందరు బండ్లలో శంషాబాదునకు తరలుదురు. విమానాశ్రయపు గాజు తలుపునకు వెలుపల తండ్రి నిలిచిపోవును. ఇందు పరిహసింపదగినది యేమియు లేదు. బిడ్డను చదువునకు పంపవలయునను కోరిక ఉత్తమమైనది. మా ఫిర్యాదు ఆ పెట్టెను గూర్చి కాదు. పెట్టెకు ఎన్నియో నెలలు ముందుగా సిద్ధమైన కాగితముల కట్టను గూర్చి.

సముద్రయానము పాపమను వాదముతో మాకు పొత్తు లేదు. 1888లో లండనునకు పయనమైన గాంధీమహాత్ముని కులపెద్దలు వెలివేసిరి. ఆ వెలికి లోకము ఎంత విలువ నిచ్చెనో అందరకును దెలియును. 1895లో పదునారేండ్ల సరోజినీదేవి నిజాము ఒసగిన విద్యార్థి వేతనముతో హైదరాబాదునుండి ఇంగ్లండునకు పోయెను. 1913లో అంబేద్కరు బరోడా సంస్థానపు వేతనముతో కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, కోరిన పట్టము దక్కక, మామగారి సాయముతోను కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ యిచ్చిన మాటతోను హార్వర్డునకు పోయి, ఆసుపత్రిలో రాత్రిళ్లు కూలిపని చేయుచు చదివెను.

వీరెవరును తమ సొంత ధనముతో పోయినవారు కారు. కాని ఇచ్చినవాడెవడో, ఎందుల కిచ్చెనో, ఏ షరతుపై నిచ్చెనో దాచవలసిన పని వారికి లేకపోయెను. బరోడా వేతనము వెంట తిరిగివచ్చి సంస్థానమున కొలువు చేయవలయునను ఒప్పందముండెను. అంబేద్కరు 1917లో తిరిగివచ్చి ఆ కొలువున చేరెను. లేమి సిగ్గుపడదగినది కాదు. లేని కలిమిని ఉన్నట్లు చూపుట సిగ్గుపడదగినది. మన విద్యాయాత్ర నేడు ఆ చూపుటతోనే ఆరంభమగుచున్నదని మా అభియోగము.

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు మెట్రో స్తంభముల వెంట పోయి తలయెత్తి చూడుడు. హాస్టళ్లకును పోటీపరీక్షల శిక్షణకును పేరుపడిన ఆ బాటలో ‘కన్సల్టెన్సీ’ పలకలు మేడమేడకును వ్రేలాడుచున్నవి. అన్నియు చెడ్డవని మేమనము. నియమములను వివరించి న్యాయమైన రుసుము గైకొనువారు గలరు. అయినను ఈ వ్యాపారమున పాతుకొనిన యొక ఆచారమును వారును ఎరుగుదురు, మేమును ఎరుగుదుము. మొదటి సంవత్సరపు వ్యయమునకు చాలు ధనమున్నదని చూపినగాని అమెరికా విశ్వవిద్యాలయము ఐ-20 పత్రము నీయదు. ఆ ధనము తండ్రికి లేదు. మధ్యవర్తి యొకడు వడ్డీకి సొమ్ము తెచ్చి ఆయన ఖాతాలో కొన్నాళ్లుంచి, బ్యాంకువారి పత్రము చేతికందగానే తీసికొనిపోవును. చదువుటకు కారణము వ్రాయుమనిన వ్రాతను, చదువబోవువాడు గాక కూలికి వ్రాయువాడొకడు వ్రాయును. ఒకే వ్రాత పేరు మారి పదిమందికి పోవును. కొన్నియెడల చేయని కొలువునకు అనుభవపత్రము గూడ పుట్టును.

న్యాయస్థానమున సాక్షిచేత బొంకు ప్రమాణము చేయించిన న్యాయవాది సన్నదు పోవును. ఇచ్చట బొంకు నేర్పినవాని సంతకము ఏ కాగితమునను ఉండదు. సంతకము ఇరువదిరెండేండ్ల పిల్లవానిది. ముఖ్యమైన విషయమున తెలిసి తెలిసి అబద్ధమాడి వీసా కోరినవాడు శాశ్వతముగా ప్రవేశార్హత కోల్పోవునని అమెరికా చట్టము చెప్పుచున్నది. ఆ శిక్ష పిల్లవానిది, రుసుము మధ్యవర్తిది. దీనిని సన్నాహమని యెట్లు పిలువగలము?

ఇక రెండవ కట్ట ఇంటి దస్తావేజు. బడంగ్‌పేట, బాలాపూరు, నాదర్‌గుల్ పొలములు మన కన్నులయెదుటనే ప్లాట్లయినవి. పక్కనున్న బాలాపూరు గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పాటపోయెను. 2024లో 30,01,000 రూపాయలకు పోయెను. ఆ సొమ్ము ఊరి మేలునకే పోవును గనుక దానిని నిందింపము. కాని ముప్పదియేండ్లలో ఆ పాటను అంతకు లేపినది భక్తి యొకటియే కాదు. భూమి వెల కూడను. చిన్న యుద్యోగి జీతములో మిగిల్చి కొన్న నూటయేబది గజములు నేడు బిడ్డను సముద్రము దాటింపగల ఆస్తి యైనది. మించిన విద్యారుణమునకు, సాధారణముగా 7.5 లక్షలు దాటినచో, బ్యాంకు స్థిరాస్తిని హామీగా కోరును. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 58వ సెక్షను ప్రకారము హైదరాబాదువంటి పట్టణమున దస్తావేజును హామీగా ఋణదాత చేతికిచ్చుటయే తనఖా. ప్రత్యేకముగ తనఖాపత్రము వ్రాయనక్కరలేదు. కనుకనే పెక్కుమంది తండ్రులు తాము ఇల్లు తాకట్టు పెట్టితిమనియే యెరుగరు. “కాగితములు బ్యాంకులో నుంచితిమి” అందురు.

లెక్క చూతము. 30 లక్షల అప్పు, నూటికి 11 వడ్డీ అనుకొందము. ఏడాదికి వడ్డీయే 3,30,000 రూపాయలు. అనగా నెలకు 27,500. రెండేండ్ల చదువును, ఆ పిదప ఒక యేడు గడువును గడచునప్పటికి, మొత్తము మొదటనే తీసికొన్నచో, అసలు చెక్కుచెదరక వడ్డీ దాదాపు 10 లక్షలగును. ఋణము రూపాయలలో, ఫీజు డాలర్లలో. 2014లో 60 రూపాయల దాపున నుండిన డాలరు 2025లో 85 దాటెను. రెండవయేటి ఫీజు మొదటియేటి లెక్కతో తీరదు.

ఇది తీరుట యెట్లు? అని తండ్రి యడిగిన, “అక్కడ పార్టుటైము చేసికొనును” అని జవాబు వచ్చును. చదువు సాగుకాలమున విద్యార్థి వారమునకు 20 గంటలు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే పని చేయవచ్చునని అచ్చటి నియమము. పెట్రోలు బంకునను హోటలునను అనుమతి లేక చేయు పని ఉల్లంఘనము. మొదటి అబద్ధమున దాటిన పిల్లవాడు అప్పు తీర్చుటకు రెండవదానిలో దిగవలసివచ్చును. చదువు ముగిసిన వెనుక 12 నెలలు, శాస్త్ర సాంకేతిక విద్యలవారికి మరి 24 నెలలు పని చేయు వీలు. ఆ తరువాత హెచ్-1బి. ఏటా 85,000 పరిమితి, అందును లాటరీ. 2025 సెప్టెంబరున, దేశము వెలుపలినుండి కొత్తగా రప్పించు ఉద్యోగి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడెను. ఇల్లు తాకట్టు పెట్టినది చదువునకని మనమనుకొనుచున్నాము; నిజమునకు లాటరీచీటికి.

ఒక్క అమెరికాయే కాదు. కెనడా 2024 జనవరినుండి విద్యార్థి చూపవలసిన జీవనవ్యయమును 10,000 డాలర్లనుండి 20,635కు పెంచి, అదే నెలలో విద్యార్థి అనుమతులకు పరిమితి ప్రకటించెను. బ్రిటను అదే జనవరినుండి సాధారణ మాస్టర్సు విద్యార్థులు భార్యాబిడ్డలను తోడ్కొనివచ్చుట మాన్పెను. 2025 మే కడపట అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలిచ్చుట ఆపెను. జూనులో తిరిగి తెరచునప్పుడు సామాజిక మాధ్యమ ఖాతాలను బహిరంగముగా నుంచుమనెను. వారి దేశము వారిది. తలుపు మూయుట వారి అధికారము. వారిని తిట్టుట మా పని కాదు. పరదేశపు ఉత్తరువొక్కటి వెలువడిన రాత్రి బడంగ్‌పేటలో ఒక కుటుంబమునకు నిద్ర రాకుండుటయే మా దుఃఖము. స్వరాజ్యము వచ్చిన జాతి తన యింటికప్పును పరుల గడియకు కట్టుకొనుట స్వతంత్రత యగునా?

హెచ్చరికలు లేకపోలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడెను. అందు చేరిన వందలకొలది విద్యార్థులలో పెక్కురు తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిరి. 2019 జనవరిలో మిచిగాన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని తెలిసినది, అచ్చటి ప్రభుత్వమే పన్నిన వల యని తేలెను. దాదాపు 600 మంది అందు చేరిరి. విద్యార్థులను చేర్చిన ఎనమండుగురు దళారులను అరెస్టు చేసిరి. వల పన్నినవారిని మనము నిందించితిమి, నిందింపదగినదే. ఆ వలకు మన పిల్లలను తోలినవారు మన భాష మాటలాడువారే యని ఎందరు చింతించిరి?

“మీరు నిరుత్సాహపరచుచున్నారు. పోయి బాగుపడినవారు లేరా?” అని యడుగుదురు. కలరు, వేలకొలది కలరు. పుట్టిన కులమును, ఆడపుట్టువును అడ్డముగా నిలిచినచోట విదేశ విద్య తలుపు తెరచిన సంగతి మేమెరుగుదుము. 2023–24లో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, చైనావారిని మించిరి. ఈ సంఖ్య మాకు గర్వకారణమే. అదియే సిగ్గును కూడను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా మనకు కూతవేటు దూరమున నున్నది. దాని అధ్యాపక పదవులను యేండ్ల తరబడి ఖాళీగా విడిచిన ప్రభుత్వములు విదేశ విద్యకు 20 లక్షల సాయము ప్రకటించుటలో వెనుకాడలేదు. దళితులకును, గిరిజనులకును, వెనుకబడినవారికిని, అల్పసంఖ్యాకులకును అందు ఆ సాయమును మేము హర్షింతుము. అది అప్పు కాదు, అబద్ధము కాదు. కాని ఇంటి బావి పూడ్చి పొరుగూరి నీటికి బండి కట్టించుట పాలన కాదు.

మా కోరికలు కొన్ని. 1983 నాటి వలస చట్టము విదేశమున పనికి పంపు ఏజెంటు రిజిస్టరు కావలయుననెను. చదువునకు పంపువాడు ఆ చట్టమున చిక్కడు. పంజాబు 2012లో ఈ వ్యాపారమునకు లైసెన్సు విధించు చట్టము చేసెను. మన శాసనసభ్యులు దానిని చదువవలయును. విదేశ కళాశాల తనకెంత కమీషను నిచ్చునో కన్సల్టెన్సీ తండ్రికి వ్రాతమూలముగా తెలుపవలయును. ప్రతి దరఖాస్తుపై దానిని సిద్ధము చేసినవాని పేరును సంతకమును ఉండవలయును. బ్యాంకు దస్తావేజు నందుకొనుటకు ముందు వడ్డీలెక్కను, తనఖా యను మాటను తెలుగులో చెప్పవలయును.

తల్లిదండ్రులారా! మిమ్ము దూషించుటకు మాకు నోరు రాదు. దస్తావేజు చేయి మారకముందు మూడు ప్రశ్నలు మాత్ర మడుగుడు. ఆ కళాశాలలో మా బిడ్డ నేర్చునదేమి? వాడు అచ్చట ఉద్యోగము దొరకక తిరిగివచ్చిన ఈ ఋణము ఇచ్చటి జీతముతో తీరునా? ఈ కట్టలో మా సొమ్ముగా చూపినదంతయు మాదేనా? మూడింటికిని నిజమైన జవాబు దొరకిన, సంతోషముగా పంపుడు. మేమును శంషాబాదు వరకు వచ్చి వీడ్కోలు చెప్పుదుము. దొరకని యెడల ఈ యేడు ఆగుడు. విశ్వవిద్యాలయములు మరుసటి యేటను ఉండును. పోయిన యిల్లు ఉండదు.

యువకులారా! మీ చదువునకు కారణమును మీ చేతితో, మీకు వచ్చిన భాషలో వ్రాయుడు. తప్పులున్నను అది మీది. తిరస్కృతుడైన సత్యవంతుడు ఇంటికి తిరిగివచ్చి తలయెత్తుకొని తిరుగగలడు. పెట్టెను గ్రాము తప్పక తూచుచున్నారు గదా, ఆ కాగితముల కట్టను కూడ ఒక్కమారు తూచి చూడుడు.