ఫ్యాక్టరీ ఇంటికి హక్కుపత్రం ఏది?

అమెరికాలో మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ అడుగున శాశ్వతమైన ఉక్కు ఛాసిస్ ఉండి తీరాలన్న నిబంధనను సడలించే ప్రతిపాదనకు 2025 జులైలో సెనెట్ బ్యాంకింగ్ కమిటీ ఏకగ్రీవంగా ఆమోదం తెలిపిన తరువాత వెలువడిన కథనాల్లో అధికభాగం, ఇంటి ధర ఎంత తగ్గుతుందన్న లెక్క దగ్గరే ఆగిపోయాయి. కొనుగోలుదారులు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నలు వేరు. ఈ ఇళ్లకు వడ్డీ ఎందుకు ఎక్కువ, విలువ నిజంగా పడిపోతుందా, ఇల్లు నిలిపే స్థలాన్ని అద్దెకిచ్చే పార్కు యజమాని ఆ అద్దె పెంచితే ఇంటిని వేరేచోటికి తరలించవచ్చా, వాయిదాలు తప్పితే ఇల్లు ఎంత త్వరగా చేజారుతుంది అన్న ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఛాసిస్‌లో కన్నా, ఆ ఇంటిని చట్టం స్థిరాస్తిగా చూస్తున్నదా చరాస్తిగా చూస్తున్నదా అన్న విషయంలో ఉంది. ఆ ఒక్క అంశాన్నీ పక్కన పెట్టి ధర గురించి ఎంత రాసినా కొనుగోలుదారుకు మిగిలే జ్ఞానం స్వల్పం.

పేర్లలోనే ఎంతో గందరగోళం ఉన్నందున కొన్ని నిర్వచనాలు అవసరం. 1974లో కాంగ్రెస్ చేసిన చట్టం ఆధారంగా ఫెడరల్ గృహనిర్మాణ శాఖ (హడ్) రూపొందించిన ప్రమాణాలు 1976 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తేదీ తరువాత ఆ ప్రమాణాల ప్రకారం ఫ్యాక్టరీలో తయారై, కనీసం 320 చదరపు అడుగుల పరిమాణంతో, శాశ్వత ఛాసిస్‌పై నిలిచే ఇల్లు మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ కాగా, అంతకుముందు తయారైనవి మొబైల్ హోమ్‌లుగా మిగిలాయి. మాడ్యులర్ హోమ్ కూడా ఫ్యాక్టరీలోనే తయారవుతుంది కానీ దానికి వర్తించేవి రాష్ట్ర, స్థానిక నిర్మాణ నియమాలు కాబట్టి, పునాదిపై అమర్చిన తరువాత దాన్ని సాధారణ ఇంటిలాగే పరిగణిస్తారు. ఇంటి ప్రతి భాగం వెలుపల బిగించే ఎర్రటి లోహపు హడ్ లేబుల్, లోపల అతికించే డేటా ప్లేట్ ఉన్నాయో లేదో చూసుకోవాలన్న సలహా ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది; అది సరైన సలహాయే గనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు.

హక్కుపత్రం చరిత్ర మాత్రం వివరంగా చెప్పవలసినది. 1920లు, 1930లలో కార్ల వెనుక కట్టుకుని లాక్కెళ్లిన ట్రెయిలర్లను రాష్ట్రాలు సహజంగానే వాహనాలుగా నమోదు చేసి, వాహనానికి ఆర్‌సీ ఇచ్చినట్టే వాటికీ టైటిల్ సర్టిఫికెట్ జారీ చేశాయి. 1950ల మధ్యలో 10 అడుగుల వెడల్పు గల నమూనాలు రావడంతో అవి కుటుంబం తన కారుతో లాగగలిగే వస్తువులుగా ఉండడం మానేశాయి; తరువాతి దశాబ్దాల్లో రెండు భాగాలను పక్కపక్కన కలిపి బిగించే డబుల్ వైడ్ ఇళ్లు సర్వసాధారణమయ్యాయి. వస్తువు స్వభావం ఇంతగా మారినా నమోదు పద్ధతి మారలేదు. 1980లో కాంగ్రెస్ చట్టంలోని ‘మొబైల్ హోమ్’ అన్న మాటను ‘మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్’గా సవరించింది, అయితే ఆస్తి హక్కుల నిర్ధారణ రాష్ట్రాల పరిధిలోని విషయం కావడం వల్ల వాహనపు టైటిల్ చాలాచోట్ల అలాగే కొనసాగింది.

ఈ ఇళ్లు నిజంగా కదలవని అమెరికా సుప్రీంకోర్టే 1992లో యీ వర్సెస్ సిటీ ఆఫ్ ఎస్కాండిడో కేసులో గుర్తించింది. కాలిఫోర్నియాలోని ఒక నగరం పార్కు స్థలాల అద్దెపై విధించిన నియంత్రణ తమ ఆస్తిని స్వాధీనం చేసుకోవడమే అవుతుందన్న పార్కు యజమానుల వాదనను కోర్టు తోసిపుచ్చింది. అయితే ఆ తీర్పులో అంతకన్నా ముఖ్యమైనది, తరలింపు ఖర్చు ఇంటి విలువలో పెద్ద వాటాగా ఉండడం వల్ల ఒకసారి స్థలంలో నిలిపిన ప్రతి 100 ఇళ్లలో దాదాపు ఒక్కటే మళ్లీ కదులుతుందని న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ నమోదు చేసిన వాస్తవం. నూటికి తొంభైతొమ్మిది ఇళ్లు కదలనివని దేశ అత్యున్నత న్యాయస్థానం గ్రహించిన మూడు దశాబ్దాల తరువాత కూడా వాటిని కదిలే ఆస్తిగా నమోదు చేస్తున్న చట్టాల గురించి ఒక్క వాక్యమైనా లేకుండా వార్తా కథనాలు వెలువడడం విచారకరం.

చరాస్తిగా నమోదైన ఇంటిపై ఇచ్చే అప్పును చాటెల్ రుణం అంటారు. స్థలంతో కలిపి తనఖా పెట్టి తీసుకునే సాధారణ గృహరుణంతో పోలిస్తే దీని వడ్డీ ఎక్కువ, తీర్చే గడువు తక్కువ. మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ కొనుగోలు రుణాల్లో ఇలాంటివి 42 శాతం దాకా ఉన్నాయని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2021లో ప్రకటించింది. స్థలం తాకట్టులో లేని చాటెల్ రుణానికి, రుణ ప్రక్రియలో ఖర్చుల వెల్లడిని, తరువాతి సేవల్లో ఫిర్యాదుల పరిష్కారాన్ని తప్పనిసరి చేసే 1974 నాటి రియల్ ఎస్టేట్ సెటిల్‌మెంట్ చట్టం వర్తించదు. వాయిదాలు తప్పినప్పుడు స్థిరాస్తికి వర్తించే ఫోర్‌క్లోజర్ ప్రక్రియకు బదులు, అనేక రాష్ట్రాల్లో కారును స్వాధీనం చేసుకోవడానికి దగ్గరగా ఉండే, ఫోర్‌క్లోజర్ కన్నా వేగంగా ముగిసే పద్ధతి అమలవుతుంది. ఇవన్నీ ఇంటి గోడల నాణ్యతతో ఏ సంబంధమూ లేని తేడాలు.

ఇళ్ల విలువ పడిపోతుందన్న నమ్మకానికి 1990ల చివరి అనుభవం చాలావరకు కారణం. ఆ కాలంలో చాటెల్ రుణాలను విచ్చలవిడిగా మంజూరు చేయడంతో 1998లో సుమారు 3,70,000 ఇళ్లు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చాయి. బకాయిలు పేరుకుని, స్వాధీనం చేసుకున్న ఇళ్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. ఈ రంగంలో అతిపెద్ద రుణదాత అయిన గ్రీన్ ట్రీని 1998లో కొన్న కాన్‌సెకో 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది, 2009 నాటికి ఏటా తయారయ్యే ఇళ్ల సంఖ్య 50,000 స్థాయికి పడిపోయింది. సొంత స్థలంలో, స్థిరాస్తిగా నమోదై, సాధారణ తనఖా రుణంతో కొన్న ఇళ్ల ధరలు మాత్రం స్థలంలోనే కట్టిన ఇళ్ల ధరలతో ఇంచుమించు కలిసి నడుస్తున్నట్టు ఫెడరల్ గృహరుణ నియంత్రణ సంస్థ ధరల సూచీ చూపుతుంది. స్థలం విలువ కూడా అందులో కలిసి ఉంటుందన్న అభ్యంతరం నిజమే, అయితే స్థలం విలువ ఇంటి యజమానికి దక్కే ఏర్పాటు ఉందా లేదా అన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

చరాస్తి హోదా వల్ల కొనుగోలుదారుకు మేలే లేదనడం సరికాదు. రుణ ప్రక్రియ త్వరగా ముగుస్తుంది, ముందస్తు ఖర్చులు తక్కువ. దివాలా చట్టంలోని 13వ అధ్యాయం కింద ప్రధాన నివాసమైన స్థిరాస్తిపై ఉన్న తనఖాను కోర్టు సవరించలేదు కానీ, చరాస్తిగా ఉన్న ఇంటిపై అప్పును దాని ప్రస్తుత విలువకు కుదించే వీలుందని 2009లో ఎన్నిస్ కేసులో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు నిర్ణయించింది. ఇది చిన్న సదుపాయం కాదు. అయినప్పటికీ దివాలా తీసిన తరువాత దొరికే ఉపశమనాన్ని, దివాలా దాకా నెట్టే అధిక వడ్డీకి పరిహారంగా చూపడం న్యాయమైన వాదన అనిపించుకోదు.

టెక్సస్‌లో యజమాని కోరుకుంటే, సొంత స్థలం గానీ తగిన దీర్ఘకాలిక లీజు గానీ ఉన్నప్పుడు ఇంటిని స్థిరాస్తిగా మార్చుకోవచ్చు, కానీ ఆ ఎంపికను తెలిపే యాజమాన్య పత్రాన్ని కౌంటీ రికార్డుల్లో దాఖలు చేసే వరకు మార్పు పూర్తి కాదు; ఈ మెట్టు తెలియక ఆగిపోయే కొనుగోలుదారుపైనే భారమంతా ఉంచడం ఆ పద్ధతిలోని లోపం. న్యూ హాంప్‌షైర్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని ఎంచుకుంది. అక్కడ ఇంటిని స్థలంలో నిలిపి, నీరు, విద్యుత్తు వంటి సదుపాయాలకు కలిపిన వెంటనే, స్థలం ఎవరిదైనా సరే, చట్టం దాన్ని స్థిరాస్తిగానే చూస్తుంది. అదే రాష్ట్రంలోని మెరెడిత్‌లో 1984లో పార్కు నివాసులు సహకార సంఘంగా ఏర్పడి తాము ఉంటున్న స్థలాన్ని కొనుగోలు చేయడం, తరువాత ఆ నమూనా ఇతర రాష్ట్రాలకు వ్యాపించడం ఆ చట్ట దృక్పథానికి తగిన పరిణామం. కదలని ఇంటిని కదలనిదిగానే గుర్తించే ఈ విధానం, యీ కేసులో కోర్టు చూసిన వాస్తవానికి అన్నిటికన్నా దగ్గరగా ఉంది.

ఈ నేపథ్యంలో కమిటీ ఆమోదించిన బిల్లు పాఠంలో ఎవరూ పట్టించుకోని ఒక షరతును చదవాలి. టైటిల్, నమోదు, రుణం, బీమా, పన్ను విషయాల్లో ఛాసిస్ లేని ఇళ్లను ఛాసిస్ ఉన్నవాటితో సమానంగా చూస్తామని ప్రతి రాష్ట్రమూ ధ్రువీకరించాలనీ, ధ్రువీకరించని రాష్ట్రంలో ఛాసిస్ లేని ఇళ్ల తయారీ, అమ్మకం కుదరవనీ ఆ షరతు చెబుతున్నది. సమానత్వం అన్న మాట ఆకర్షణీయమైనదే, కానీ ఇప్పటికీ వాహనపు టైటిల్‌నే జారీ చేస్తున్న రాష్ట్రంలో దాని ఫలితం, చక్రాలతో ఏనాడూ సంబంధం లేని కొత్త ఇంటికి కూడా చాటెల్ రుణాన్నీ, వేగంగా స్వాధీనం చేసుకునే పద్ధతినీ విస్తరించడమే అవుతుంది. న్యూ హాంప్‌షైర్ తరహా నిబంధన ఉన్న రాష్ట్రంలో అదే షరతు రెండు రకాల ఇళ్లకూ స్థిరాస్తి రక్షణ కల్పిస్తుంది. కాబట్టి రాష్ట్రాలు ధ్రువీకరణ ఇవ్వడానికి ముందే తమ టైటిల్ చట్టాలను సవరించుకోవాలి. ఆ క్రమం తారుమారైతే, ఛాసిస్ తొలగింపుతో మిగిలే సొమ్మును కొనుగోలుదారు వడ్డీ రూపంలో తిరిగి చెల్లించవలసి వస్తుంది.