కంచములోని తూకము

తెల్లవారుజామున పూర్ణా మార్కెట్టులో కూరగాయల బస్తాలు మోయు కళాసీలను చూచినవారికి ఒక సంగతి తోచక మానదు. పూటకు కుంభమంత అన్నము తిను ఆ శ్రామికుల ఒంటిపై క్రొవ్వు పేరునకైనను కానరాదు. అన్నము మానితిమని చెప్పుకొను మా మిత్రులలో కొందరికి మాత్రము నడుము కొలత తరుగుట లేదు. నేరమంతయు అన్నముదేనని నిన్నమొన్నటి వరకు మేమును వాదించినవారమే.

శరీరము చిల్లర దుకాణదారుని వంటిది. జమాఖర్చులు తప్ప వేరు లెక్క ఎరుగదు. పిండిపదార్థమైనను మాంసకృత్తైనను గ్రాముకు 4 కెలోరీల శక్తి నిచ్చును. క్రొవ్వు 9 కెలోరీలు. ఖర్చునకు మించిన జమ, ఏ రూపమున వచ్చినను, తుదకు ఒంటిలో క్రొవ్వుగా నిలువజేరును. కళాసీ తిన్నది బస్తాల క్రిందనే ఖర్చగును. బల్లపై కూర్చున్న మనకు మిగిలిపోవును. ఒక్క టీ చెంచా నూనె, అనగా 5 గ్రాములు, 45 కెలోరీలు. మధ్యాహ్నము అన్నము మాని, సాయంత్రము రెండు సమోసాలు, మూడు చక్కెర టీలు సేవించు మిత్రుడు మానినదేమి?

అన్నము మానిన తొలివారమున బరువు చప్పున తగ్గుట నిజమే. అయితే అది కాలేయములోను కండరములలోను నిలువయుండు గ్లైకోజెన్, దాని నంటియుండు నీరు. గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు 3 గ్రాముల నీరుండును. తిరిగి అన్నము ముట్టిన కొద్ది దినములకే ఆ బరువు తిరిగి వచ్చును. మిత్రుడు బియ్యమును తిట్టును.

అట్లని అన్ని పోషకములు ఒక్కటే యనుట మా అభిమతము కాదు. మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు అణచును. వాని శక్తిలో 20 నుండి 30 శాతము జీర్ణక్రియకే ఖర్చగును. బరువు తగ్గువేళ కండను కాపాడునవియు అవియే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు, ధాన్యముల వలన వచ్చు శక్తి 45 శాతమునకు మించరాదని చెప్పినవి. చెప్పుట సులభము. బియ్యము కన్న పప్పు, గ్రుడ్డు, చేప ప్రియము. వసతిగృహ విద్యార్థి అన్నముతోనే కడుపు నింపుకొనుట తిండిపోతుతనము కాదు, జేబు సంగతి.

రంజాను మాట కూడ చెప్పవలెను. రోజా ఆరాధనయే గాని బరువు తగ్గించు ఉపాయము కాదు. ఖర్జూరము, పండ్లతో ఇఫ్తారు ముగించువారి లెక్క వేరు. వేపుళ్ళతో ఆరంభించి హలీముతో ముగించు మావంటివారి లెక్క వేరు. ఈదు నాటికి మా చొక్కాలు బిగుతగుటకు కారణము మాకు తెలియనిది కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. క్యాంటీనులో సమోసాల ప్రక్కన శనగ గుగ్గిళ్ళు, ఉడికించిన గ్రుడ్లు కూడ సరసమైన ధరకు అమ్మించవలెను. వసతిగృహపు పప్పులో పప్పు కనిపించునట్లు చూడవలెను. శనగలు పూర్ణా మార్కెట్టు దుకాణములలో దొరకును. ఆదివారము ఉదయము వెళ్ళి సంచి మోసుకొని వచ్చుటకు మేము సిద్ధము.