డాక్టర్ల మాటల్లో మన పేరెందుకు?

పచ్చడి బూజు పట్టిందంటే పక్కింటి వదినను అడుగుతాం. పిల్లకు సంబంధం వచ్చిందంటే పదిమంది చెవిన వేసి ఆరా తీస్తాం. అడగడానికి మనకేం నామోషీ లేదు. అదే డాక్టరుగారు ఇంకో డాక్టర్ని అడిగితే మాత్రం "ఈయనకేం తెలీదు కాబోలు" అని ఆస్పత్రి మార్చేస్తాం. క్యాన్సర్ జబ్బులో ఇలా చేస్తే నష్టం మనకే.

మా బొల్లారంలో ఎవరికైనా రొమ్ములో గడ్డ అంటే, ఇంటాయన ఫ్యాక్టరీ డ్యూటీకి సెలవు పెట్టి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్తాడు. పొద్దంతా అక్కడే సరిపోతుంది. వచ్చాక "వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు" అని విసుగు. నిజానికి ఆ మాట్లాడుకోవడం కూడా వైద్యమే.

ఈ జబ్బుకు ఒక్క డాక్టరు చాలడు. ఆపరేషన్ చేసేవారు ఒకరు, కీమో మందులు ఎక్కించేవారు ఒకరు, కరెంటు పెట్టేవారు ఒకరు, ముక్క పరీక్ష చూసి చెప్పేవారు మరొకరు. ముందు ఏది, తర్వాత ఏది అని అందరూ కలిసి తేల్చుకోవడాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. చిన్న ఆస్పత్రుల్లో ఇంతమంది ఉండరు. అందుకే 2012లో ముంబయి టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఏర్పడింది. దేశంలో 300కు పైగా సంస్థలు ఇందులో ఉన్నాయి. చిక్కుగా ఉన్న కేసుల్ని ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి, తెర మీద చూసి సలహాలు చెప్పుకుంటారు.

దీనికి తోడు ఇప్పుడు ఫోన్లొచ్చాయి. కలిసి చదువుకున్న డాక్టర్లకు వాట్సాప్ గ్రూపులున్నాయి. 2023 దాకా ట్విట్టర్ అని పిలిచి, ఇప్పుడు ఎక్స్ అంటున్న దాంట్లో దేశదేశాల డాక్టర్లు కలుస్తారు. మనం డబ్బాల మీద చీటీలు అంటించుకున్నట్టు, ఒక్కో క్యాన్సర్‌కు ఒక్కో గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తు నొక్కితే ఆ జబ్బు సంగతులన్నీ ఒకచోట దొరుకుతాయి. ఏటా షికాగోలో జరిగే పెద్ద క్యాన్సర్ సభలో చెప్పిన కొత్త మందు కబురు అదే రోజు హైదరాబాద్ డాక్టరుగారికి చేరుతుంది.

ఇందులో ఆడవాళ్ళ పాత్రా ఉందండోయ్! 2011 జూలైలో అమెరికాలో క్యాన్సర్‌ను ఎదుర్కొన్న అలిసియా స్టేలీ, జోడీ షోగర్ అనే ఇద్దరు, ట్విట్టర్‌లో రొమ్ము క్యాన్సర్ మీద వారం వారం చర్చ మొదలుపెట్టారు. డీనా అటై అనే సర్జన్ వాళ్ళతో కలిశారు. అందులో పాల్గొన్న 206 మందిని తర్వాత అడిగితే, నూటికి 80 మంది తమకు జబ్బు గురించి ఎక్కువ తెలిసిందన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా వీధిలో ఒకామె రిపోర్టు ఫొటో, పేరుతో సహా, ఎవరెవరి ఫోన్లలోకో పోయింది. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్ల. "తల్లికుంటే కూతురికి రాదా?" అని వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదో, పదో మాత్రమే. ఆ మాట వినే ఓపిక ఎవరికుంది?

రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు, కేసు వివరాలు ఆమె అనుమతి లేకుండా ప్రచురించకూడదని డాక్టర్ల ప్రవర్తనా నియమాలు 2002లోనే చెప్పాయి. సోషల్ మీడియాకని ప్రత్యేకంగా 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనల్ని మాత్రం అదే నెలలో నిలిపేశారు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి.

ఆస్పత్రిలో రెండు మాటలు భయపడకుండా అడగండి. "నా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా డాక్టరుగారూ?" ఇది మొదటిది. "ఎవరికైనా పంపిస్తే నా పేరు, నంబరు, ముఖం కనబడకుండా పంపుతారు కదూ?" ఇది రెండోది. మంచి డాక్టరు నొచ్చుకోరు.

ఇక ఫోన్‌లో ఎవరో డాక్టరు ఏదో మందు మెచ్చుకున్నారని మీ మందు మార్చమని పట్టుబట్టకండి. రొమ్ము క్యాన్సర్లోనే రకాలున్నాయి, ఒకరి మందు ఇంకొకరికి పనికిరాకపోవచ్చు.

చివరిగా ఇంకొక్క సంగతి. ఆమె రిపోర్టును చుట్టాల గ్రూపులో పెట్టేది చాలాసార్లు ఇంట్లోవాళ్ళే. పెట్టేముందు ఆమెను ఒక్కమాట అడగమని మీ మరిదికీ, మీ అబ్బాయికీ చెప్పండి. జబ్బు ఆమెది. ఎవరికి చెప్పాలో కూడా ఆమె ఇష్టమే.